ఇటాలియన్ ప్రేమ సినిమాల్లో ఏ వెర్షన్ చూడాలి?

పాత ఇటాలియన్ ప్రేమకథ ఏదైనా చూద్దామని వెతికితే మొదటి చిక్కు నిడివి దగ్గరే వస్తుంది. ఒకే సినిమా ఒకచోట 89 నిమిషాలు, ఇంకోచోట 64. మరో సినిమా ఒకచోట 124, ఇంకోచోట 173. కొన్నిటికి పేరు కూడా వేరే ఉంటుంది. మన దగ్గర సినిమా విడుదలైన మూడో రోజు పావుగంట ట్రిమ్ చేశామని ప్రకటన ఇస్తే పెద్దగా పట్టించుకోం, ఎందుకంటే పోయేది ఒక పాటో, కామెడీ ట్రాకో, కథ మాత్రం అలాగే ఉంటుంది. ఇటలీ నుంచి అమెరికా వెళ్ళిన సినిమాల సంగతి వేరు. అక్కడ కత్తెర పట్టుకున్నవాళ్ళు చాలాసార్లు దర్శకుడి మాట విననివాళ్ళు, కొన్నిసార్లు దర్శకుడు తీసిన కథే నచ్చనివాళ్ళు.

దీనికి అందరూ చెప్పే సలహా ఒకటుంది: పెద్దదే అసలుది, అదే చూడు. ఇది సగమే నిజం. నేనైతే నిమిషాలు లెక్కపెట్టను, ఏం పోయిందో చూస్తాను. ఇద్దరు ప్రేమికుల చుట్టూ ఉన్న ఊరు, జనం, యుద్ధం, డబ్బు గొడవ తీసేసి ముద్దులూ కన్నీళ్ళూ మాత్రమే ఉంచారా? అయితే పొడవుదే చూడాలి. జనాన్నీ ఊరినీ ఉంచి, వివరణలు తీసేశారా? అయితే ముందు పొట్టిదే చూడొచ్చు, ఒక్కోసారి అదే మంచిది. ఉదాహరణలు చెప్పాలంటే కథలూ క్లైమాక్సులూ ముట్టుకోక తప్పదు, స్పాయిలర్లు గిట్టనివాళ్ళు నేరుగా చివరి నాలుగైదు పేరాలకు వెళ్ళిపోండి.

ఈ విషయం పూర్తిగా అర్థం కావాలంటే స్టాజియోనే టెర్మిని చూడాలి. 1953లో వచ్చింది. దర్శకుడు విట్టోరియో డి సికా, కథ చెజారే జవాట్టీని, డబ్బు పెట్టింది హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్. హీరోయిన్ జెన్నిఫర్ జోన్స్ అప్పటికి ఆయన భార్య, హీరో మాంట్‌గొమరీ క్లిఫ్ట్. కథ ఒక్క ముక్కలో అయిపోతుంది: రోమ్‌లో సోదరి ఇంటికి వచ్చిన ఒక పెళ్ళైన అమెరికన్ ఆవిడ అక్కడ ఒక ఇటాలియన్‌ని ప్రేమించి, భర్తా కూతురూ గుర్తొచ్చి, ఎవరికీ చెప్పకుండా రైలెక్కి పోదామని స్టేషన్‌కి వస్తుంది, అతను వెతుక్కుంటూ వచ్చేస్తాడు. మిగతాదంతా రైలు కదిలేదాకా ఆ స్టేషన్‌లోనే.

డి సికా తీసిన 89 నిమిషాల్లో ఆ స్టేషన్ కూడా ఒక పాత్రే. రోమ్ టెర్మిని కొత్త భవనం అప్పటికి కట్టి రెండు మూడేళ్ళే అయింది. సినిమాలో ఆ హాల్లో సైనికులు, ఫాదర్లు, నన్‌లు, పిల్లల్ని వెంటేసుకుని సామాను మోసే పల్లెటూరి కుటుంబాలు, ఊరికే తేరిపార చూసే మగాళ్ళు, అందరూ ఉంటారు. ఆ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక మూల దొరకదు. ఎక్కడ నిలబడినా ఎవరో ఒకరు గుద్దుకుంటూ పోతారు. ఒంటరిగా ఉండే చోటు కోసం చివరికి పక్క పట్టాల మీద ఖాళీగా ఉన్న పెట్టెలోకి ఎక్కుతారు, అక్కడ దొరికిపోతారు, పోలీసు అధికారి ముందు నిలబడాల్సి వస్తుంది. ఆవిడకు పరువు భయం ఎందుకంత ఉందో ఆ జనాన్ని చూసినవాళ్ళకే అర్థమవుతుంది.

సెల్జ్‌నిక్‌కి కావలసింది ఇది కాదు. ఆయనకు తన భార్య క్లోజప్‌లు కావాలి, గ్లామర్ కావాలి. ఆవిడ వేసుకున్న బట్టలు క్రిస్టియన్ డియోర్‌వి, వాటికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. షూటింగ్ జరుగుతున్నంతకాలం దర్శకుడికి పొడుగాటి ఉత్తరాలు రాశాడు, డి సికాకి ఇంగ్లీషు అంతంతమాత్రమే. చివరికి 1954లో అమెరికాలో విడుదల చేసేటప్పుడు ఇండిస్క్రెషన్ ఆఫ్ యాన్ అమెరికన్ వైఫ్ అని పేరు మార్చి, 64 నిమిషాలకు కోసేశాడు. అంత పొట్టిదాన్ని పూర్తి సినిమాగా ఆడించడం కష్టం కాబట్టి, గాయని ప్యాటీ పేజ్‌తో రెండు పాటలు పాడించి ఒక చిన్న సినిమా తీయించి ముందు అతికించాడు. అంటే పాతిక నిమిషాల సినిమా తీసేసి, దాని స్థానంలో కథతో సంబంధం లేని పాటలు పెట్టాడన్నమాట!

పోయింది ఎక్కువగా స్టేషన్ జనమే. పెళ్ళి వీడియోలో వధూవరులు తప్ప చుట్టాలందర్నీ కోసేస్తే ఎలా ఉంటుందో ఆ 64 నిమిషాలు అలా ఉంటాయి. ఇద్దరూ ఎందుకంత కంగారు పడుతున్నారో తెలియదు, ఎవరూ చూడటం లేదు కదా అనిపిస్తుంది. అయినా సినిమా చదువుకునేవాళ్ళు, ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ళు రెండూ చూడాలి, పొడవుది ముందు, వారం తర్వాత పొట్టిది. ఒకే షాట్లతో వేరే సినిమా ఎలా తయారవుతుందో ఇంత స్పష్టంగా చూపించే జత నాకు ఇంకోటి దొరకలేదు. మామూలు ప్రేక్షకులకైతే 89 నిమిషాలదే, రెండో ఆలోచన అక్కర్లేదు.

స్ట్రాంబోలి విషయంలో పోయింది జనమే కాదు, ముగింపు కూడా. రొబెర్టో రొస్సెల్లీని దర్శకుడు, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ హీరోయిన్. యుద్ధం తర్వాత శరణార్థుల శిబిరంలో ఇరుక్కున్న లిథువేనియా అమ్మాయి, బయటపడటానికి వేరే దారి లేక ఒక జాలరిని పెళ్ళి చేసుకుని అగ్నిపర్వతం ఉన్న చిన్న దీవికి వస్తుంది. ఇది ప్రేమకథా అంటే, ప్రేమ లేని పెళ్ళి కథ. ఆర్‌కేఓ స్టూడియో దాన్ని 81 నిమిషాలకు కుదించి 1950 ఫిబ్రవరిలో అమెరికాలో వదిలింది. రొస్సెల్లీని కట్ దానికంటే దాదాపు పాతిక నిమిషాలు ఎక్కువ. అదే నెలలో బెర్గ్‌మన్‌కి రొస్సెల్లీనితో బిడ్డ పుట్టాడు, అప్పటికి ఇద్దరికీ పెళ్ళి కాలేదు, అమెరికాలో నానా రభస. మార్చిలో ఒక సెనేటర్ సెనేట్‌లోనే ఆవిడను తిట్టిపోశాడు. ఆ గొడవలో సినిమా గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

రొస్సెల్లీని సినిమా చివర్లో ఆ అమ్మాయి కొండ మీద, పొగల మధ్య దేవుణ్ణి పిలుస్తూ ఏడుస్తుంది. భర్త దగ్గరికి తిరిగి వెళ్తుందా, పారిపోతుందా అన్నది చెప్పకుండానే సినిమా అయిపోతుంది. ఆర్‌కేఓ వాళ్ళు దానికి ఒక మగ గొంతుతో వాయిస్ ఓవర్ పెట్టారు. తిరిగి ఊరికి వెళ్తేనే తనకు శాంతి అని ఆమెకు తెలిసొచ్చిందంటాడు ఆ గొంతుమనిషి. ఒక్క వాక్యంతో ఒక ఆడమనిషి నిర్ణయం ఇంకొకడు తీసేసుకున్నాడు. ఆ సినిమా తనది కాదన్నాడు రొస్సెల్లీని. ఇక్కడ పోల్చడానికి ఏమీ లేదు, 81 నిమిషాలది కనబడితే వదిలేయండి. పొడవుది ఇంగ్లీషు మాటలతో ఒకటి, ఇటాలియన్‌లో ఒకటి దొరుకుతాయి. బెర్గ్‌మన్ గొంతు వినాలంటే ఇంగ్లీషుదే తీసుకోండి.

సెన్సో దగ్గరకొచ్చేసరికి లెక్క కొంచెం తికమక. 1954, లుకీనో విస్కోంటి. 1866లో వెనిస్ ఇంకా ఆస్ట్రియా చేతుల్లో ఉన్నప్పుడు ఒక ఇటాలియన్ దొరసాని శత్రువుల సైన్యంలోని లెఫ్టినెంట్‌ని ప్రేమించి, దేశం కోసం దాచిపెట్టమని తన చేతికిచ్చిన విరాళాల డబ్బు తీసుకెళ్ళి అతనికిస్తుంది, యుద్ధం నుంచి తప్పించుకోవడానికి. ఆ ఇద్దరుగా నటించింది అలీడా వల్లి, ఫార్లీ గ్రేంజర్. ఇంగ్లీషు ఎగుమతి వెర్షన్ పేరు ద వాంటన్ కౌంటెస్, నిడివి 94 నిమిషాలు, ఇటాలియన్‌ది రెండు గంటల పైన. పేరు చూస్తేనే ఏ సరుకు అమ్మాలనుకున్నారో తెలిసిపోతుంది.

చిక్కేంటంటే, ఆ రెండు గంటలదీ విస్కోంటి అనుకున్న సినిమా కాదు. ఇటలీలోనే కోతపడింది. కథలో వచ్చే కుస్టోజా యుద్ధంలో ఇటలీ ఓడిపోయింది, విస్కోంటి సినిమాకి ఆ పేరే పెడదామనుకుంటే అనుమతి దొరకలేదు. స్వచ్ఛంద సైనికుల్ని అసలు సైన్యం దగ్గరికి రానివ్వని సన్నివేశం ఒకటి ఎగిరిపోయింది. ముగింపులో తాగిన ఒక కుర్ర ఆస్ట్రియన్ సైనికుణ్ణి చూపించాలనుకుంటే, దాని బదులు లెఫ్టినెంట్‌ని కాల్చి చంపడం పెట్టాల్సి వచ్చింది. కాబట్టి ఎగుమతి కోసం కోసినవాళ్ళే దుర్మార్గులు, సొంత దేశంలో ఆడింది పవిత్రం అనుకోవద్దు. ఒకరు దేశభక్తి పేరు చెప్పి కోశారు, ఇంకొకరు టికెట్ల కోసం.

అయినా ఇటాలియన్‌దే చూడండి, ఎందుకంటే ఈ ప్రేమ నీచంగా కనిపించాలంటే పక్కన యుద్ధం ఉండాలి. మొదటి సన్నివేశం లా ఫెనీచే ఒపెరా హాల్లో, వేదిక మీద పాట అయ్యీ కాగానే పై అంతస్తుల నుంచి ఇటలీ జెండా రంగుల కాగితాలూ పూలూ కురుస్తాయి, కింద కుర్చీల్లో ఆస్ట్రియన్ యూనిఫాంలు. ఇద్దరి పరిచయం ఆ గొడవలోంచే మొదలవుతుంది. ఇంగ్లీషుదానికి ఒకే ఒక్క ఆకర్షణ ఉంది: గ్రేంజర్, వల్లి ఇద్దరి సొంత గొంతులు. ఇంగ్లీషు డైలాగుల్లో అమెరికన్ రచయితలు టెనెసీ విలియమ్స్, పాల్ బౌల్స్ చెయ్యి కూడా ఉంది. ఇటాలియన్‌లో గ్రేంజర్‌కి వేరే నటుడు డబ్బింగ్ చెప్పాడు. నచ్చిన రెండు మూడు సన్నివేశాలు ఇంగ్లీషులో పెట్టుకుని చూస్తే చాలు, మొత్తం అక్కర్లేదు.

అదే దర్శకుడి ఇల్ గట్టోపార్డో, అంటే ద లెపర్డ్, 1963. దీన్ని ప్రేమకథ అనడం కొంచెం సాగదీయడమే, కానీ ఆలెన్ డెలాన్, క్లాడియా కార్డినాలే జంట కోసం చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, తప్పేం లేదు. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది. ఇటాలియన్‌ది ఇప్పుడు దొరికేది సుమారు 185 నిమిషాలు, అమెరికాలో ఫాక్స్ విడుదల చేసింది 161. ఇక్కడ కోతకంటే రంగు, మాట ఎక్కువ నష్టం చేశాయి. పెద్ద నెగటివ్ మీద తీసిన సినిమాని మామూలు సినిమాస్కోప్‌కి దించి, వేరే ల్యాబ్ పద్ధతిలో ప్రింట్లు వేశారు, సిసిలీ ఎండా దుమ్మూ బంగారు రంగు గోడలూ ఏవీ మిగల్లేదు. ఇంగ్లీషు డబ్బింగ్ పర్యవేక్షించింది తర్వాత పెద్ద దర్శకుడైన సిడ్నీ పొల్లాక్. విస్కోంటి ఈ వెర్షన్‌ని ఒప్పుకోలేదు, అమెరికా విమర్శకులు కూడా పెదవి విరిచారు. అదే సినిమా 1983లో ఇటాలియన్‌లో, పూర్తి నిడివితో అక్కడ విడుదలైతే నెత్తిన పెట్టుకున్నారు.

మూడు గంటలు కూర్చోలేం అనేవాళ్ళకు నా సలహా 161 నిమిషాలది కాదు. పొడవుదాన్నే రెండు రాత్రులు చూడండి, చివర్లో వచ్చే నాట్యం సన్నివేశాన్ని మాత్రం విడగొట్టకండి. దాదాపు ముప్పావు గంట ఉంటుంది, కథ ఏమీ జరగనట్టే అనిపిస్తుంది, ముసలివాడవుతున్న దొర ఆ గదుల్లో చెమటలు పడుతూ తిరుగుతుంటాడు. ఆ ఒక్క సన్నివేశం కోసమే సినిమా. ఇంకో మాట, ఓటీటీలో ఇదే పేరుతో 2025లో వచ్చిన ఆరు ఎపిసోడ్ల సిరీస్ ఉంది, వెతికితే ముందు అదే తగులుతుంది, అది వేరే.

ఇప్పటిదాకా పొడవుదానికే ఓటు వేస్తూ వచ్చాను. సినిమా పారడిసో దగ్గర మాత్రం పొట్టిదే.

ఈ మాటకు తిట్టేవాళ్ళు ఉన్నారని తెలుసు. జుసెప్పే టోర్నాటోరే సినిమా 1988లో ఇటలీలో 155 నిమిషాలతో విడుదలై ఆడలేదు. తర్వాత కోసి 124 నిమిషాలు చేశారు, అదే బయటి దేశాలకు వెళ్ళింది, 1989లో కాన్‌లో జ్యూరీ గ్రాండ్ ప్రి, మరుసటి ఏడాది విదేశీ చిత్రాల్లో ఆస్కార్. మనలో చాలామంది చూసి ఏడ్చింది అదే. 2002లో 173 నిమిషాల వెర్షన్ వచ్చింది, దర్శకుడి కట్ అని.

పెద్ద తేడా ఎక్కడంటే, పొట్టిదాంట్లో హీరో టోటో ప్రేమించిన ఎలీనా మాయమైపోతుంది. టోటో సైన్యానికి వెళ్తాడు, ఉత్తరాలు తిరిగొచ్చేస్తాయి, అంతే, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఎందుకో తెలియదు. పొడవుదాంట్లో అతను ఆమెను కలుస్తాడు, ఆమెకు పెళ్ళైంది, పిల్లలున్నారు. అసలు విడిపోవడానికి కారణం ఊరి హాల్లో ప్రొజెక్టర్ నడిపే, టోటోకి తండ్రిలాంటి ఆల్ఫ్రెడో అని తెలుస్తుంది. వాడి భవిష్యత్తు కోసం వదిలెయ్యమని అమ్మాయికి చెప్పింది ఆ ముసలాయనే. ఆమె రాసిపెట్టిన చీటీ ప్రొజెక్టర్ గదిలో ఇన్నేళ్ళూ ఎవరూ చూడకుండా ఉండిపోయింది.

సెల్జ్‌నిక్ ఊరిని తీసేసి ప్రేమను ఉంచాడు, ఇక్కడ ప్రేమను తీసేసి ఊరిని ఉంచారు. దాంతో పొట్టి సినిమా ఒక పిల్లాడికీ ఒక హాలుకీ మధ్య కథ అయింది, ఎలీనా ఆ ఊరితోపాటు పోయిన వాటిలో ఒకటి. మన పల్లెల్లో టూరింగ్ టాకీసులు చూసినవాళ్ళకు, మూతపడ్డ సింగిల్ స్క్రీన్ ముందు నిలబడ్డవాళ్ళకు ఇందులో ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. పొడవుదాంట్లో అన్నిటికీ జవాబు దొరుకుతుంది. జవాబు దొరికాక, సినిమాల్లోంచి కత్తిరించిన ముద్దులన్నీ అతికించి ఆల్ఫ్రెడో టోటోకి వదిలిపోయిన చివరి రీలు చూస్తే, ఆ రీలు ఇచ్చినవాడు ఇతని జీవితంలోంచి అసలైనదాన్ని కత్తిరించినవాడు కూడా కదా అన్న ఆలోచన అడ్డొస్తుంది. కొందరికి అదే గొప్ప, సినిమా లోతు పెరిగిందంటారు, వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. నాకు మాత్రం ఆల్ఫ్రెడో మీద కోపంతో ఆ రీలు చూడాలని లేదు.

కాబట్టి మొదటిసారైతే 124. బాగా నచ్చి, రెండు మూడు సార్లు చూసి, ఎలీనా ఏమైందో తెలియక మనసు ఊరుకోకపోతే అప్పుడు 173. పొరపాటున కూడా పొడవుదాంతో మొదలుపెట్టొద్దు, ఒకసారి కారణం తెలిశాక మళ్ళీ తెలియనట్టు చూడటం కుదరదు. అదే దర్శకుడి మలేనా కూడా అమెరికాలో పావుగంట తక్కువతో, 92 నిమిషాలుగా వచ్చింది, అక్కడ కోసింది శృంగారం ఎక్కువైందని. దానికి ఆలోచన అక్కర్లేదు, ఇటాలియన్‌దే.

బొకాచియో 70 గురించి రెండు ముక్కలు. 1962లో నలుగురు దర్శకులు తీసిన నాలుగు కథల సినిమా. మోనిచెల్లి తీసిన మొదటి కథ ఒక్కటే మామూలు జనానిది: కంపెనీలో పెళ్ళైన అమ్మాయిల్ని ఉంచుకోరు కాబట్టి పెళ్ళి దాచిపెట్టి ఉద్యోగం చేసే జంట. నిర్మాత కార్లో పోంటి విదేశీ ప్రింట్లలోంచి ఆ కథనే మొత్తం ఎత్తేశాడు. అందులో పెద్ద స్టార్ ఎవరూ లేరు మరి, మిగతా మూడింట్లో ఎక్‌బర్గ్, రోమీ ష్నైడర్, సోఫియా లారెన్ ఉన్నారు. దానికి నిరసనగా మిగతా దర్శకులు కాన్‌కి వెళ్ళలేదు. మీకు దొరికిన కాపీలో మూడు కథలే ఉంటే అది ఎగుమతిది. నాలుగుదాని కోసం వెతకండి, నాలుగింటిలో నాకు నచ్చింది ఆ తీసేసినదే.

ఇక ఏ భాషలో చూడాలన్నది. ఇటాలియన్‌లో చూస్తేనే అసలు అనే పట్టుదల ఈ కాలపు సినిమాలకు పూర్తిగా అతకదు. అప్పటి ఇటాలియన్ సినిమాల్లో మాటలు ఎక్కువగా తర్వాత స్టూడియోలో చెప్పించినవే, హీరో గొంతు హీరోది కాకపోవడం మామూలు. మన తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్తేం కాదు, ఎన్ని ఏళ్ళుగా హీరోయిన్లకు వేరే గొంతులు వింటూ వచ్చాం. అందుకే సినిమాని బట్టి చూసుకోండి: స్టాజియోనే టెర్మినిలో హీరో హీరోయిన్లు మాట్లాడింది ఇంగ్లీషే, అదే పెట్టుకోండి. ద లెపర్డ్‌లో దొర వేషం వేసిన బర్ట్ లాంకాస్టర్ సొంత గొంతు ఇంగ్లీషులోనే ఉంది, కానీ చుట్టూ ఉన్న సిసిలీ మనుషులందరూ అమెరికన్ ఇంగ్లీషు మాట్లాడుతుంటే భరించలేం, కాబట్టి ఇటాలియన్.

చేతికొచ్చిన కాపీ ఏదో గుర్తుపట్టాలంటే ముందు టైటిల్ కార్డు చూడండి, పోస్టర్ మీద ఉన్న పేరు నమ్మకండి. తర్వాత నిడివి. ఇక్కడ ఒక చిన్న మెలిక: యూరప్ డీవీడీల్లో సినిమా సెకనుకు 24 ఫ్రేములకు బదులు 25 చొప్పున నడుస్తుంది, అందుకని 124 నిమిషాలది 119గా, 185ది 178 దరిదాపుల్లో కనిపిస్తుంది. అది కోత కాదు, కంగారు పడకండి. నాలుగు శాతానికి మించి తేడా ఉంటేనే అనుమానించాలి.

డిస్కులు కొనేవాళ్ళకు అమెరికా డిస్కుల సంస్థ క్రైటీరియన్ వాళ్ళ ఎడిషన్లు మేలు. స్టాజియోనే టెర్మిని, సెన్సో, ద లెపర్డ్ మూడింటికీ ఎగుమతి వెర్షన్ కూడా జతచేసి ఇచ్చారు. సినిమా పారడిసో రెండు వెర్షన్లూ కలిపి బ్రిటన్‌లో ఆరో (Arrow) అనే సంస్థవాళ్ళు తెచ్చారు. అయితే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడుతుందో చెప్పే రీజియన్ కోడ్ ఒకటుంది: అమెరికా డీవీడీ రీజియన్ 1, బ్లూరే రీజియన్ ఎ, మన దగ్గరివి 5, సి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే చుట్టాలతో తెప్పించుకునే ముందు మీ ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడిస్తుందో లేదో చూసుకోండి.

ఒక్కటే చూసే తీరిక ఉంటే సినిమా పారడిసో, 124. రెండు చూడగలిగితే దానికి స్టాజియోనే టెర్మిని 89 కలపండి. పాత బ్లాక్ అండ్ వైట్‌తో ఇబ్బంది లేనివాళ్ళు, సుఖాంతం కావాలని పట్టుబట్టనివాళ్ళు మూడోదిగా స్ట్రాంబోలి చూడొచ్చు, వాయిస్ ఓవర్‌తో అయిపోయే కాపీ తప్ప వేరేది దొరక్కపోతే మాత్రం చివరి నిమిషంలో సౌండ్ మ్యూట్ చేసేయండి.